బాపుకు రక్తంలో డీఎన్ఏ పరీక్ష ఇప్పుడు చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. పెళ్లయ్యాక నేను హన్మకొండలో ఉంటున్నాను. మా బాపుకు 69 ఏళ్లు. రెండేళ్ల కింద ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ఎముకలకు పాకింది. మగ హార్మోన్ తయారవకుండా వృషణాలు తీసేసే ఆపరేషన్ చేశారు. అప్పటి నుంచి ఆ హార్మోన్‌ను ఇంకా అణిచే అబిరాటెరోన్, దానితో పాటు ప్రెడ్నిసొలోన్ బిళ్లలు వాడుతున్నాడు. ఈ క్యాన్సర్ జోరు చూసే పీఎస్ఏ అనే రక్త పరీక్ష అంకె 186 నుంచి 0.6కు దిగింది. ఏడాదిన్నర బాగానే ఉన్నాడు. ఆ తర్వాత 1.1, 2.4, మొన్న 4.8 వచ్చింది. రక్తంలో డీఎన్ఏ చూసే పరీక్ష ఉందని, మూడు నెలలకోసారి చేయిస్తే క్యాన్సర్ ఏం చేయబోతుందో ముందే తెలుస్తుందని, బయాప్సీ బాధ ఉండదని ఒక ల్యాబ్ తరఫున వచ్చినతను చెప్పాడు. ఒక్కోసారికి రూ.60 వేల పైనే అవుతుందట. తమ్ముడు పొలం మీద అప్పు తెద్దామంటున్నాడు. బాపేమో 'నాకేం కాలేదు, రాత్రి పండుకుంటే నడుం నొప్పి, అంతే' అంటాడు. మా మేనత్త, బాపుకు అక్క, రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అందుకే ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ పరీక్ష చేయించమంటారా? బిళ్లలు ఇక పనిచేయనట్టేనా, ఆపేయాలా?
– ఒక కూతురు, హన్మకొండ

జవాబు: అమ్మా, మీరు అడిగింది పరీక్ష గురించి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు ఆగి చదివిన మాటలు మాత్రం వేరే ఉన్నాయి. ఒకటి బాపు నడుం నొప్పి, రెండోది మీ మేనత్త. రెండూ మీరు మాటవరసకు చెప్పి వదిలేశారు. నేను వాటినే ముందు పట్టుకుంటాను.

నొప్పి సంగతి ఈ వారమే తేలాలి. క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషికి కొత్తగా నడుం నొప్పి మొదలై, అది పడుకున్నప్పుడు ఎక్కువవుతుంటే వయసు మీద పడ్డ నొప్పి అనుకోవద్దు. వెన్నుపూసలో పెరిగే గడ్డ వెన్నుపామును నొక్కే ప్రమాదం ఉంటుంది. కాళ్లలో బలం తగ్గడం, నడుస్తుంటే తడబడడం, నడుం కింద తిమ్మిరి, మూత్రం బిగుసుకుపోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ పూటే బయల్దేరాలి. పల్లె నుంచి 108లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తెచ్చినా సరే, ఎంఆర్ఐ ఉన్న వేరే ఆసుపత్రికి తీసుకెళ్లినా సరే. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. కాళ్లు ఆడుతున్నప్పుడే వైద్యం మొదలైనవాళ్లు చాలావరకు నడుస్తూనే ఉంటారు. కాళ్లు పడిపోయాక మళ్లీ నిలబెట్టడం చాలా కష్టం. ఇవేవీ లేకపోయినా ఈ వారంలో మీ డాక్టర్‌కు చూపించి, వెన్ను మొత్తానికి ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. నొప్పి క్యాన్సర్ వల్లే అని తేలితే ఆ చోట కొద్ది రేడియేషన్ ఇస్తే చాలామందికి బాగా తగ్గుతుంది.

ఇంకో మాట. బాపు లాంటి పెద్దమనుషులు నొప్పిని సగానికి సగం తగ్గించి చెబుతారు. పిల్లలకు ఖర్చు అవుతుందని వాళ్ల బెంగ. అందుకని 'నొప్పి ఉందా' అని అడగకండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు, పొలం గట్టు మీద మునుపటిలా నడుస్తున్నాడా, చెప్పు కాలి నుంచి జారితే తెలుస్తోందా అని అడగండి. ఇంకా మంచిది, అమ్మను అడగండి.

ఇక బిళ్లలు. సొంతంగా ఒక్కటి కూడా ఆపొద్దు. ముఖ్యంగా ప్రెడ్నిసొలోన్. ఇంతకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోయి మనిషి ప్రాణం మీదికి రావచ్చు. పీఎస్ఏ పెరిగిందంటే బిళ్లలు మొత్తంగా విఫలమయ్యాయని కూడా కాదు. లెక్క ఇలా చూస్తారు. మందు వాడుతుండగా పీఎస్ఏ ఎంత కిందికి దిగిందో ఆ అంకె నుంచి నూటికి 25 వంతులైనా పెరగాలి, ఆ పెరుగుదల మిల్లీలీటరుకు కనీసం 2 నానోగ్రాములైనా ఉండాలి, కనీసం మూడు వారాల తేడాతో మళ్లీ చేసినా అది నిజమని తేలాలి. బాపుకు అన్నిటికన్నా తక్కువ అంకె 0.6. 2.4 వచ్చిన నాటికి తేడా 1.8 మాత్రమే. 4.8తో గీత దాటింది. మూడు వారాలకు అదే ల్యాబ్‌లో మరోసారి చేయించండి. ల్యాబ్ మారిస్తే అంకెల్లో తేడా వస్తుంది, దాంతో అనవసరంగా కంగారు. అదే రక్తంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కూడా చూడమనండి. ఆపరేషన్ అయింది కాబట్టి అది డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉండాలి.

పీఎస్ఏ నిజంగా పెరుగుతోందని తేలితే తర్వాతిది స్కాన్. అంకె పెరిగినా స్కాన్‌లో కొత్తగా ఏమీ లేక, మనిషి హాయిగా ఉంటే, కొన్నిసార్లు అదే మందు ఇంకొన్నాళ్లు కొనసాగిస్తారు. మీ బాపుకు నొప్పి ఉంది కాబట్టి అలా కూర్చోవడానికి లేదు. పీఎస్ఏ ఒక్కదాన్నే నమ్ముకోకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏళ్ల తరబడి మందులు వాడాక కొందరిలో క్యాన్సర్ స్వభావం మారిపోతుంది, పీఎస్ఏ తయారు చేయడమే తగ్గించేస్తుంది. అంకె అక్కడే ఉంటుంది, లోపల గడ్డ పెరుగుతుంటుంది. అందుకే అంకె, స్కాన్, మనిషి పరిస్థితి మూడూ కలిపి చూడాలి.

ఇప్పుడు మీరు అడిగిన పరీక్ష.

మన ఒంట్లో కణాలు రోజూ చస్తుంటాయి. చచ్చిన కణంలోని డీఎన్ఏ చిన్న చిన్న ముక్కలై రక్తంలోకి వస్తుంది. డీఎన్ఏ గొలుసులో ఒక్కో లంకెను ఒక అక్షరం అనుకుంటే, ఒక్కో ముక్క పొడవు దాదాపు 160, 170 అక్షరాలు. రక్తద్రవంలో ఇలాంటి డీఎన్ఏ ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్తలు మాండెల్, మెటే 1948లోనే రాశారు. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం మన తెల్ల రక్తకణాలవి. క్యాన్సర్ ఉన్న మనిషిలో క్యాన్సర్ కణాల ముక్కలు కూడా కలుస్తాయి, వాటి మీద క్యాన్సర్‌కు మాత్రమే ఉండే అక్షరదోషాలు ఉంటాయి. పరీక్ష చేసేది ఆ దోషాలను వెతకడమే. ముక్కలు రక్తంలో ఎక్కువసేపు ఉండవు, రెండు మూడు గంటల్లోపే సగానికి పైగా పోతాయి. కాబట్టి ఇది ఆ రోజు ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతుంది, ఏడాది కిందటి సంగతి కాదు. ఇందులో మోసం ఏమీ లేదు, మంచి శాస్త్రమే. ఎముకలకు మాత్రమే పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో దీనికి ప్రత్యేకమైన విలువ కూడా ఉంది. ఎముక నుంచి ముక్క తీయడం నొప్పి, తీసినా అందులో పరీక్షకు పనికొచ్చే డీఎన్ఏ చాలాసార్లు దొరకదు.

చిక్కు ఎక్కడుందంటే, క్యాన్సర్ ముక్కల వాటా. మందు బాగా పనిచేస్తున్నప్పుడు ఆ వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. క్వింటాల్ బియ్యంలో నాలుగు రాళ్లుంటే పిడికెడు తీసి చూసి రాళ్లు లేవని చెప్పలేం కదా, అలాగే వాటా తక్కువగా ఉన్న రోజు రక్తం తీస్తే రిపోర్టులో 'ఏమీ కనబడలేదు' అని వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని 'దోషం లేదు' అని చదువుకుంటారు. రెండూ ఒకటి కాదు. వాటా నూటికి ఒకటి కన్నా తక్కువ ఉన్న రిపోర్టులో 'లేదు' అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను.

అందుకే రక్తం ఎప్పుడు తీశారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. పీఎస్ఏ పెరుగుతూ, క్యాన్సర్ మళ్లీ కదులుతున్నప్పుడు, కొత్త మందు మొదలుపెట్టకముందే తీయాలి. కీమో ఒక డోసు పడ్డాక తీస్తే వాటా పడిపోయి డబ్బు వృథా కావచ్చు. బాపు విషయంలో ఆ సమయం సరిగ్గా ఇప్పుడే. ఆ ల్యాబ్ అతను ఈ సంగతి చెప్పలేదు, మూడు నెలలకోసారి అని చెప్పాడు. అసలు తేడా అక్కడే ఉందమ్మా.

మూడు నెలలకోసారి ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. చికిత్స మొదలైన కొద్ది వారాల్లో రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ తగ్గినవాళ్లకు మందు బాగా పనిచేస్తోందని, తగ్గనివాళ్లకు అంతగా పనిచేయడం లేదని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనబడింది. అది నిజమే. కానీ ఆ అంకెను చూసి ముందే మందు మారిస్తే మనిషి ఎక్కువకాలం బతుకుతాడని ఇంకా రుజువు కాలేదు. అందుకే దీన్ని పీఎస్ఏ లాగా క్రమం తప్పకుండా చేయించమని చికిత్స మార్గదర్శకాలు చెప్పడం లేదు. పొలం మీద అప్పు తెచ్చి మూడు నెలలకో అంకె కొనుక్కుంటే, ఆ అంకె పెరిగిందని ఏడ్వడం, తగ్గిందని ఊరట పడడం తప్ప బాపు వైద్యంలో మారేదేమీ ఉండదు. ఆ డబ్బు మందులకు, ప్రయాణాలకు, మంచి తిండికి కావాలి.

ఒక్కసారి చేయించడం వేరే విషయం. అప్పుడు మనం వెతికేది ముఖ్యంగా బీఆర్‌సీఏ2, బీఆర్‌సీఏ1 లాంటి డీఎన్ఏ మరమ్మతు జీన్లలో దోషం. ఈ జీన్ చెడిపోయిన క్యాన్సర్ కణం తన డీఎన్ఏను సరిగ్గా బాగుచేసుకోలేక ఇంకో మార్గం మీద ఆధారపడి బతుకుతుంది. ఓలాపరిబ్ అనే బిళ్ల ఆ మార్గాన్ని కూడా మూసేస్తుంది, కణం చస్తుంది. అబిరాటెరోన్ లాంటి మందుల తర్వాత కూడా ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, ఇలాంటి జీన్ దోషం ఉన్నవాళ్లకు, 2020లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుకు అనుమతి ఇచ్చింది. మన దేశంలోనూ దొరుకుతుంది. అన్నిటికన్నా ఎక్కువ లాభం బీఆర్‌సీఏ దోషం ఉన్నవాళ్లకే కనబడింది. రక్తహీనత రావచ్చు కాబట్టి నెలనెలా రక్తం చూసుకోవాలి. అంటే ఈ పరీక్షలో 'ఉంది' అని వస్తే వైద్యం మారుతుంది. అలా మారేదానికి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది.

అదే పరీక్షలో ఏఆర్ అనే జీన్ గురించి కూడా రాస్తారు. మగ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్‌ను తయారుచేసే జీన్ అది. అందులో మార్పులుంటే అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ లాంటివి పనిచేయడం తక్కువ. ఏఆర్-వీ7 అని, ఆ ప్రొటీన్ మారిన రూపం గురించి కూడా అడుగుతుంటారు కొందరు. తెలుసుకుంటే మంచిదే, కానీ అబిరాటెరోన్ ఇప్పటికే పట్టు తప్పుతున్న మనిషికి, ఆరోగ్యం తట్టుకునేలా ఉంటే, డాక్టర్లు ఎలాగూ డోసిటాక్సెల్ కీమో గురించే ఆలోచిస్తారు. ఫలితం ఎటు వచ్చినా చేసే వైద్యం ఒకటే అయినప్పుడు దాని కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టమని నేను చెప్పను. పరీక్ష రాసిచ్చిన ఏ డాక్టర్‌నైనా మీరు మొహమాటం లేకుండా అడగండి: "సార్, ఇది ఉంది అని వస్తే ఏ మందు ఇస్తారు, లేదు అని వస్తే ఏ మందు ఇస్తారు?" రెండు జవాబులూ ఒకటే అయితే ఆ పరీక్ష ఆగవచ్చు.

అయినా రూ.60 వేలు కట్టకముందు చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. రెండేళ్ల కింద బాపుకు బయాప్సీ చేశారు కదా. ఆ ముక్కలను చిన్న మైనం దిమ్మల్లో పోసి ఆసుపత్రి ల్యాబ్‌లో దాచిపెడతారు. వాటిని బ్లాకులు అంటారు. అగ్గిపెట్టెలో సగమంత ప్లాస్టిక్ గూడు, దాని అంచు మీద ఒక నంబరు రాసి ఉంటుంది. బాపు బయాప్సీ రిపోర్టు పైన కూడా అదే నంబరు ఉంటుంది. మీ డాక్టర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని, రిపోర్టు జిరాక్స్‌తో వెళ్లి అడిగితే బ్లాకు ఇస్తారు. బీఆర్‌సీఏ దోషం చాలావరకు క్యాన్సర్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి రెండేళ్ల నాటి ముక్కైనా పనికొస్తుంది. మరీ పాతబడితే డీఎన్ఏ చెడిపోతుంది. ఓలాపరిబ్‌కు అనుమతి తెచ్చిన పెద్ద అధ్యయనంలోనే బయాప్సీ ముక్కల పరీక్ష పదిలో మూడింటి దాకా ఫలితం ఇవ్వలేకపోయింది. బాపు బ్లాకులో ముక్క చాలదనో, డీఎన్ఏ బాగా లేదనో ల్యాబ్ చెబితే, లేదా ఆ ఫలితం వచ్చేదాకా వైద్యం ఆపలేని పరిస్థితి ఉంటే, అప్పుడు రక్త పరీక్ష చేయించండి. అప్పు తెచ్చైనా అని కూడా అంటాను, కానీ ఒక్కసారే.

చేయిస్తే రక్తం తీసే పద్ధతి దగ్గర నిలబడి చూడండి. మామూలు ఊదారంగు మూత ట్యూబులో తీసి కొరియర్‌లో పంపితే దారిలో తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ అంతా కలిసిపోతుంది, వెతకాల్సింది అందులో మునిగిపోతుంది. ఆ ట్యూబే వాడితే కొద్ది గంటల్లో మిషన్‌లో తిప్పి ద్రవాన్ని వేరుచేయాలి. వరంగల్‌లో తీసిన రక్తం హైదరాబాద్‌కో, బెంగళూరుకో పోవాలంటే కణాలు పగలకుండా కాపాడే మందు కలిపిన ప్రత్యేక ట్యూబులు కావాలి. సాధారణంగా రెండు, ఒక్కోటి 10 మిల్లీలీటర్లు. పూర్తిగా నిండాలి. నిండగానే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గట్టిగా ఊపకూడదు. వాటిని ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మన ఎండాకాలంలో మధ్యాహ్నం పూట బండి డిక్కీలో వేసుకుని తిరిగితే అదీ చేటే. తీయడానికి వచ్చిన కుర్రాడు మామూలు ట్యూబులు బయటికి తీస్తే ఆపేయండి, మర్యాద కోసం ఊరుకోకండి.

ల్యాబ్‌ను ఇంకో ప్రశ్న అడగాలి: "తెల్లకణాలను కూడా పక్కనే పరీక్షిస్తారా?" అని. వయసు పెరిగేకొద్దీ క్యాన్సర్‌తో సంబంధం లేకుండా రక్తకణాల్లోనే కొన్ని జీన్ దోషాలు పుడతాయి. మరమ్మతు జీన్లలో ఏటీఎం, చెక్2 లాంటివాటిలో ఇది ఎక్కువ. విడిగా చూడకపోతే రక్తకణంలోని దోషాన్ని క్యాన్సర్‌దని రాసి, పనిచేయని మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. రిపోర్టులో అర్థం తేలని మార్పు అని రాసి ఉంటే దాన్ని పట్టుకుని ఏ మందూ మొదలుపెట్టొద్దు.

ఖర్చు విషయంలో, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. కీమో, రేడియేషన్ అందులో ఉన్నాయి. జీన్ పరీక్షకు వర్తిస్తుందా అన్నది డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ రెండూ ప్రభుత్వ పరిధిలోవే. కాజీపేటలో పొద్దున రైలెక్కితే ఓపీ వేళకు అందుకోవచ్చు. కానీ బాపు నడుం సంగతి ఇక్కడే తేల్చుకున్నాకే ఆ ప్రయాణం పెట్టుకోండి.

ఇప్పుడు మీ మేనత్త దగ్గరికి వస్తాను. బాపుకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది, ఆయన అక్కకు రొమ్ము క్యాన్సర్. ఇంట్లోవాళ్లు దీన్ని రెండు వేర్వేరు దురదృష్టాలు అనుకుంటారు. రెండిటి వెనుకా ఒకే జీన్ ఉండవచ్చు. క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన ప్రోస్టేట్ రోగుల్లో నూటికి దాదాపు 12 మందికి డీఎన్ఏ మరమ్మతు జీన్‌లో దోషం పుట్టుకతోనే ఉందని 2016లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. అందులో బీఆర్‌సీఏ2 వాటాయే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ జీన్ తల్లి వైపు నుంచే వస్తుందని చాలామంది నమ్మకం. అది తప్పు. తండ్రి నుంచి కూడా అంతే, ప్రతి బిడ్డకూ సగం అవకాశం, కొడుకైనా కూతురైనా.

అందుకని నేను మొదట చేయించమనేది పుట్టుకతో వచ్చిన జీన్ల పరీక్ష. బాపు ఒంట్లోంచి మామూలుగా తీసిన రక్తంతోనో ఉమ్మితోనో అవుతుంది. మీకు చెప్పిన పరీక్షతో పోలిస్తే సాధారణంగా చాలా తక్కువ ఖర్చు, జీవితంలో ఒక్కసారి చాలు, క్యాన్సర్ కదులుతోందా ఆగిందా అన్నదానితో పనిలేదు. అందులో బీఆర్‌సీఏ దోషం దొరికితే బాపుకు ఓలాపరిబ్ మార్గం తెరుచుకుంటుంది, చాలాసార్లు ఆ ఖరీదైన పరీక్ష అవసరమే రాదు. దొరక్కపోతే బ్లాకు, అదీ కాకపోతే రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ. దోషం క్యాన్సర్ కణంలో మాత్రమే ఉండి పుట్టుకతో రాలేదని తేలితే మందు పనిచేసే అవకాశం ఉంటుంది, మీ ఇద్దరూ ఆ జీన్ గురించి భయపడాల్సింది ఉండదు.

పుట్టుకతోనే ఉందని తేలితే మీరూ, తమ్ముడూ పరీక్ష చేయించుకోవచ్చు. అది మీ ఇష్టం, ఎవరూ బలవంతం చేయకూడదు. ఉన్నా క్యాన్సర్ వచ్చి తీరుతుందని కాదు. మీకైతే రొమ్ము పరీక్షలు మామూలు ఆడవాళ్ల కన్నా చిన్న వయసులోనే మొదలుపెడతారు, ఎంఆర్ఐ కూడా చేస్తారు, అండాశయాల గురించి మాట్లాడతారు. తమ్ముడికి 40 ఏళ్ల నుంచే పీఎస్ఏ చూస్తారు. పెళ్లి సంబంధాలకు అడ్డమని ఇలాంటి విషయాలు దాచే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ భయం నాకు తెలుసు. ఊరంతా చెప్పమని కాదు, రక్తసంబంధీకులకు మాత్రం చెప్పండి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఎవరికి ఎలా చెప్పాలో కూడా అక్కడ కూర్చోబెట్టి మాట్లాడతారు.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి: మేనత్తకు ఏ వయసులో జబ్బు వచ్చింది, వైద్యం ఎక్కడ జరిగింది, బాపు వైపు ఇంకెవరికైనా రొమ్ము, అండాశయం, క్లోమం, ప్రోస్టేట్ క్యాన్సర్లు వచ్చాయా. ఆమె పాత కాగితాలు వాళ్ల పిల్లల దగ్గర ఉంటే జిరాక్స్ తీసుకోండి. ఫలితం ఏది వచ్చినా ముందుగా తెలియాల్సినవాళ్లలో వాళ్లూ ఉంటారు.